పాట ఏడవాలి... మోకాలు కాదు!

లూనీ ట్యూన్స్ కార్టూన్లు చూశారా? తెర మీద రంగుల వలయాలు కనబడగానే కింద నుంచి పైకి సర్రున జారే శబ్దం ఒకటి వినిపిస్తుంది. అదేదో యంత్రం చేసిన చప్పుడనుకుంటున్నారా? కాదు, అదొక గిటారు! హవాయి దీవుల్లో పుట్టి హాలీవుడ్ చేరుకున్న ఫ్రెడ్డీ తవారెస్ అనే కళాకారుడు స్టీల్ గిటార్ మీద వాయించిన జారు అది.

ఆ స్టీల్ గిటారుకి ఒక తమ్ముడున్నాడు. పేరు పెడల్ స్టీల్. 1973లో అమెరికాని ఊపేసిన కార్పెంటర్స్ వారి "టాప్ ఆఫ్ ద వరల్డ్" పాట వినండి. కారెన్ కార్పెంటర్ గొంతు పక్కనే ఎవరో తీయగా మూలుగుతున్నట్టు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నట్టు ఒక నాదం వినిపిస్తుంది. అదీ ఈ తమ్ముడి గొంతే. అమెరికా పల్లెపాటగా పేరుబడ్డ కంట్రీ సంగీతంలో విరహమొచ్చినా, వియోగమొచ్చినా ముందు ఏడ్చేది ఇతనే!

మరి ఆ ఏడుపు ఎక్కణ్ణించి వస్తోంది? వేళ్ళ నుంచి అంటే సగమే నిజం. తక్కిన సగం మోకాళ్ళ నుంచి వస్తోంది. నమ్మరా? అయితే ఈ కథ మీ కోసమే.

బల్లా? గిటారా?

పెడల్ స్టీల్‌ని మొదటిసారి చూసినవాళ్ళెవరూ దాన్ని గిటారనుకోరు. నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ సన్నటి బల్లలా ఉంటుంది. దాని మీద పది తీగలు. కొన్నింటికి ఒక్క మెడ, కొన్నింటికి పక్కపక్కనే రెండు మెడలు. వాయించేవాడు దాని ముందు కుర్చీ వేసుకుని, టైలరు కుట్టు మిషను ముందు కూర్చున్నట్టు కూర్చుంటాడు. కింద కుట్టు మిషనుకి ఉన్నట్టే పెడళ్ళుంటాయి. కాకపోతే ఒకటి కాదు, మామూలుగా మూడు. రెండు మెడల గిటారుకైతే ఇంకా ఎక్కువ.

ఇక అసలు విచిత్రం బల్ల అడుగున ఉంది. అరచేయంత పొడుగున్న లోహపు పలకలు కిందికి వేలాడుతుంటాయి. వీటినే మోకాలి లీవర్లు అంటారు. ఎడమ మోకాలికి అటొకటి ఇటొకటి, కుడి మోకాలికి అటొకటి ఇటొకటి. చాలామంది ఎడమ మోకాలికి పైన ఇంకొకటి కూడా పెట్టించుకుంటారు. మోకాలు పక్కకి తోస్తేనో, పైకి లేపితేనో పలక కదులుతుంది. పలక కదిలితే అడుగున ఒక ఇరుసు తిరుగుతుంది. ఇరుసు తిరిగితే సన్నటి కడ్డీ ఒకటి లాగబడుతుంది. ఆ కడ్డీ కొసన తీగ బిగుస్తుంది, లేదా వదులవుతుంది. శ్రుతి మారిపోతుంది!

ఇప్పుడు లెక్కేయండి. ఎడమ చెయ్యి తీగల మీద బరువైన స్టీలు కడ్డీని జారుస్తుంటుంది. కుడి చేతి వేళ్ళు తొడుగులు వేసుకుని మీటుతుంటాయి. కుడి పాదం శబ్దాన్ని పెంచే, తగ్గించే వాల్యూమ్ పెడల్ మీద ఉంటుంది. ఎడమ పాదం శ్రుతి పెడళ్ళ మీద ఉంటుంది. రెండు మోకాళ్ళూ లీవర్ల మధ్య ఉంటాయి. కన్ను మెట్ల గీతల్ని చూస్తుంటుంది. చెవి అపస్వరాన్ని కాపలా కాస్తుంటుంది. ఎన్నయ్యాయి? ఎనిమిది! మన అవధానులు సభలో చేసే అష్టావధానాన్ని ఈయన కుర్చీలో కూర్చుని చేస్తున్నాడన్నమాట. అదీ పృచ్ఛకులెవరూ లేకుండా, పాటగాడి వెనక వరసలో, లైటు పడని చోట!

హవాయి నుంచి నాష్‌విల్ దాకా

హవాయి దీవుల్లో 19వ శతాబ్దం చివర్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు గిటారు తీగల మీద వేలు నొక్కడం మానేసి లోహపు ముక్కను జార్చి వాయించడం మొదలుపెట్టాడని చెబుతారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనలో హవాయి పాటలు వినిపించాక అమెరికా అంతా ఆ జారుడు మోజులో పడింది.

మన దేశానికీ ఆ గాలి తగిలింది. హవాయి కళాకారుడు టావు మో 1940ల్లో కుటుంబంతో సహా కలకత్తాలో ఉండి వాయించాడు. వాన్ షిప్లే హిందీ సినిమా పాటల్ని హవాయిన్ గిటార్ మీద పలికించి రికార్డులిచ్చాడు. కలకత్తా సునీల్ గంగూలీ ఎలక్ట్రిక్ హవాయిన్ గిటార్ మీద వాయించిన సినిమా పాటలు రేడియోలో విననివాళ్ళు ఆ తరంలో తక్కువ. బ్రిజ్ భూషణ్ కాబ్రా ఆ గిటారు మీద రాగాలు వాయించి 1967లో వచ్చిన "కాల్ ఆఫ్ ద వ్యాలీ" రికార్డుతో ఇల్లిల్లూ చేరాడు. విశ్వమోహన్ భట్ తన మోహన వీణతో 1994లో గ్రామీ అవార్డే తెచ్చాడు. తీగ మీద జార్చడం మనకి కొత్తేం కాదు కదా! మన గోటువాద్యం చేసేది అదే.

అయితే వీటన్నిటికీ ఒక హద్దుంది. స్టీలు కడ్డీ జరిపితే దాని కింద ఉన్న తీగలన్నీ కలిసే జారతాయి. ఒక తీగ కదలకుండా నిలబడి, పక్క తీగ ఒక్కటే జారాలంటే? చేతులు రెండూ ఖాళీ లేవు. అందుకని కాళ్ళకి పని పడింది.

గిబ్సన్ కంపెనీ 1940 ప్రాంతంలోనే పెడళ్ళున్న గిటారు తెచ్చింది. 1948లో పాల్ బిగ్స్‌బీ అనే పనిమంతుడు స్పీడీ వెస్ట్ కోసం ఒకటి తయారుచేసి ఇచ్చాడు. కానీ అప్పట్లో పెడల్ అంటే ఒక శ్రుతి నుంచి ఇంకో శ్రుతికి మారడానికి వాడే సాధనమే. బడ్ ఐజాక్స్ వచ్చి ఆట మార్చేశాడు. వెబ్ పియర్స్ పాడిన "స్లోలీ" పాటలో తీగ మోగుతుండగానే ఆయన పెడల్ తొక్కాడు. తీగల గుంపులోంచి ఒక్క స్వరం లేచి, వంగి, పక్క స్వరంలోకి జారింది. 1954లో ఆ పాట దేశమంతా మోగింది. అంతే! మిగతా స్టీల్ గిటార్ వాద్యకారులందరూ పెడళ్ళ కోసం మెకానిక్కుల దగ్గరికి పరిగెత్తారు.

పాదం చాలక మోకాలు కూడా రంగంలోకి దిగింది. 1950ల్లో మోకాలి లీవర్లు బిగించి చూపినవాళ్ళలో జేన్ బెక్ పేరు ముందు చెబుతారు. ఆ తర్వాత బడ్డీ ఎమన్స్. ఈయన్ని పెడల్ స్టీల్‌కి మహానటుడనవచ్చు. షాట్ జాక్సన్‌తో కలిసి మొదట ఒక కంపెనీ పెట్టాడు. షాట్‌లో "షో", బడ్డీలో "బడ్" కలిపి దానికి "షో-బడ్" అని పేరు పెట్టారు. తర్వాత 1963లో తన పేరుతోనే సొంత కంపెనీ పెట్టుకున్నాడు. 2015లో ఆయన కన్నుమూసేనాటికి ప్రపంచంలో పెడల్ స్టీల్ నేర్చుకునే ప్రతివాడూ ఏదో ఒక రకంగా ఆయన శిష్యుడే.

సరిగమల్లో చెప్పాలంటే...

పెడల్ తొక్కితే ఏమవుతుందో మన భాషలో చెప్పుకుందాం. కంట్రీ సంగీతానికి వాడే శ్రుతిని ఇ-9 అంటారు. అందులో ప్రధానంగా మోగే మూడు స్వరాల్ని స, గ, ప అనుకోండి. "ఎ" అనే పెడల్ తొక్కితే పంచమం తీగ లేచి చతుశ్రుతి ధైవతం అవుతుంది. "బి" పెడల్ తొక్కితే అంతర గాంధారం లేచి శుద్ధ మధ్యమం అవుతుంది. రెండూ కలిపి తొక్కితే స-గ-ప కాస్తా స-మ-ద అయి కూర్చుంటుంది. షడ్జం మాత్రం కదలదు! ఒకరు నిలబడి, ఇద్దరు నడవడం. ఆ మూలుగులోని రహస్యం ఇదే.

ఇప్పుడు మోకాళ్ళ వంతు. ఒక లీవరు షడ్జాన్ని అర మెట్టు పైకి లాగుతుంది. శుద్ధ రిషభం దాకా అన్నమాట. ఇంకోటి షడ్జాన్ని అర మెట్టు కిందికి దింపి కాకలి నిషాదం దగ్గర వదులుతుంది. ఈ రెండోది నొక్కితే నవ్వుతున్న స్వరాల గుంపు ఒక్కసారిగా దిగులు ముఖం పెట్టేస్తుంది. హీరోయిన్ రైలెక్కి వెళ్ళిపోతుంటే కావలసిన స్వరం అదే.

ఒక చిన్న సంగతి గమనించండి. ఈ లీవరు సగం నొక్కితే సగం శ్రుతే వస్తుంది. పూర్తిగా నొక్కి ఆగాలి. మెల్లగా నొక్కితే స్వరం మెల్లగా జారుతుంది, చటుక్కున నొక్కితే చటుక్కున మారుతుంది. అంటే గాయకుడికి గొంతు ఎలాగో, ఈ వాద్యకారుడికి మోకాలు అలాగ. మోకాలికి నొప్పెడితే గొంతు పట్టేసినట్టే!

పెద్ద హీరో కోటు

ఇక్కడే చిక్కొచ్చింది. గొంతు దేవుడిచ్చినది. లీవర్లు మాత్రం ఎవరో మెకానిక్కు ఎవరి కాళ్ళ కొలతకో బిగించినవి. ఆరడుగుల మనిషి కోసం చేయించుకున్న గిటారు చేతులు మారి అయిదడుగుల కుర్రాడి దగ్గరికి వచ్చిందనుకోండి. పెద్ద హీరో కోటు తొడుక్కున్న డూపులా ఉంటుంది అతని అవస్థ. ఎడమ లీవరు అందక తొడంతా పక్కకి లాగాలి. తొడ లాగితే నడుం వంగుతుంది. నడుం వంగితే పాదం పెడల్ మీంచి జారుతుంది. పాదం జారితే శ్రుతి పోతుంది. చూశారా, ఎక్కడో అంగుళం తేడా చివరికి మైకులోకి అపస్వరమై ఎక్కుతుంది.

పొడుగు మనిషి కష్టం ఇంకోలా ఉంటుంది. మోకాళ్ళు ఊరికే ఉన్నా పలకలకి తగులుతుంటాయి. పైన ఉన్న నిలువు లీవరైతే మరీనూ. ఆయన పెడల్ మీంచి మడమ కాస్త ఎత్తాడో లేదో, అది కదిలి అడగని స్వరం పలికేస్తుంది.

చాలామంది కొత్తవాళ్ళు ఇక్కడ ఒక మాట అనుకుంటారు: "బడ్డీ ఎమన్స్ ఇలాగే వాయించాడు కదా! నొప్పెడితే నాదే తప్పు. అలవాటు పడాలి." అలవాటు పడతారు కూడా. మోకాలు, నడుం, మెడ వరసగా అలవాటు పడతాయి. పదేళ్ళ తర్వాత డాక్టరు దగ్గర కూర్చుంటారు. 

తమాషా ఏమిటంటే, ఎమన్స్ తరంలోనే ఇద్దరు మహానుభావులు ఒకే పద్ధతికి ఒప్పుకోలేదు! ఎమన్స్ పద్ధతిలో పెడళ్ళు ఎడమ నుంచి కుడికి ఎ, బి, సి. జిమ్మీ డే అనే మరో మహావాద్యకారుడి పద్ధతిలో అవి తిరగేసి సి, బి, ఎ. ఎందుకంటారా? ఎ, బి రెండూ తొక్కి ఉన్న పాదం ఒక్క ఎ మీదే మిగలాలంటే చీలమండని ఎమన్స్ పద్ధతిలో బయటికి వంచాలి, డే పద్ధతిలో లోపలికి వంచాలి. ఎవరి చీలమండ ఎటు సులువుగా వంగితే వాళ్ళకి అది. పెడళ్ళు తిరగబడ్డాయి గనక మోకాలి లీవర్లూ స్థానాలు మార్చుకుంటాయి. షడ్జాన్ని పైకి లాగే లీవరు ఎమన్స్ పద్ధతిలో ఎడమ మోకాలికి ఎడమ పక్క, డే పద్ధతిలో అదే మోకాలికి కుడి పక్క ఉంటుంది. ఎందుకంటే పాదం ఎ పెడల్ వైపు వెళ్ళినప్పుడు మోకాలూ అటే వెళ్ళాలి కదా!

అంటే ఏమిటి? ఆ మహానుభావులు మిషనుకి తగ్గట్టు తాము వంగలేదు. తమకి తగ్గట్టు మిషన్ని వంచుకున్నారు. వాళ్ళ నుంచి నేర్చుకోవలసింది ఇది. లీవర్ల స్థానాలు కాపీ కొట్టడం కాదు.

ముందు కుర్చీ, తర్వాతే స్క్రూ

మరి సరిచేసుకోవడం ఎలా? తెలిసినవాళ్ళు లీవరు మీద చెయ్యి వేసేది చిట్టచివర. మొదట చూసేది కుర్చీ. కూర్చుంటే తొడలు నేలకి సమంగా, భుజాలు వదులుగా, పాదం పెడల్ మీద తేలిగ్గా ఉండాలి. కుర్చీ ఒక అంగుళం ఎత్తు తగ్గితే మోకాలు లేస్తుంది, నిలువు లీవరుకి తగులుతుంది. చాలామంది లీవరు చెడిందనుకుంటారు. నిజానికి చెడింది కుర్చీ!

తర్వాత గిటారు ఎత్తు. ఇక్కడొక మోసం ఉంది. గిటారు కాళ్ళకి కింద ఉన్న గొట్టాలు లాగి పొడుగు చేసుకోవచ్చు. కానీ పెడళ్ళు బిగించిన పట్టీ కూడా ఆ కాళ్ళకే ఉంటుంది. గిటారుతో పాటు పెడళ్ళూ నేల మీంచి పైకి లేస్తాయి. పొడుగు మనిషికి కావలసింది అది కాదు. పెడల్‌కీ లీవరుకీ మధ్య ఎడం పెరగాలి. దానికి పొడుగాటి కాళ్ళూ కావాలి, పెడల్ నుంచి పైకి వెళ్ళే కడ్డీలూ పొడుగువి కావాలి. అందుకే పొడుగువాళ్ళు గిటారు చేయించుకునేటప్పుడే తమ ఎత్తు చెప్పి చేయించుకుంటారు. పెళ్ళికొడుకు సూటు కొలతలిచ్చినట్టు!

అప్పుడు లీవర్లు. ఏమీ నొక్కకుండా ఊరికే కూర్చున్నప్పుడు మోకాలు రెండు పలకల మధ్య ఆనీ ఆననట్టుండాలి. మరీ ఆనితే తెలియకుండా కదిలిపోతుంది. మరీ దూరమైతే వెతుక్కోవాలి. పాదం ఎ, బి పెడళ్ళ మీద ఉన్నప్పుడు ఒకసారి, పక్కకి జరిగి బి, సి మీద ఉన్నప్పుడు ఇంకోసారి చూసుకోవాలి. పాదం జరిగితే మోకాలూ జరుగుతుంది గనక రెండు చోట్లా సరిపడాలి.

పలకని ముందుకీ వెనక్కీ, అంటే వాయించేవాడి వైపుకీ అవతలికీ, జరపడం చాలా గిటార్లలో తేలికే. ఇరుసు మీద బిగించిన స్క్రూ వదులు చేసి జరిపి మళ్ళీ బిగించడమే. తొడకి కాకుండా మోకాలి చిప్ప పక్కన, చదునుగా ఉన్న చోట పలక తగిలేలా పెట్టుకుంటే కండరానికి శ్రమ తక్కువ. కానీ కుడికీ ఎడమకీ జరపాలంటే ఇరుసునే జరపాలి, కడ్డీల పొడుగు మార్చాలి. అది పెద్ద పని. అందుకని ముందు పలక ఎక్కడ ఆగి నిలబడాలో చెప్పే స్క్రూ తిప్పి చూస్తారు. దానితో కాస్త దగ్గరికో దూరంగానో వస్తుంది. కొందరు పలకకి తోలో, మెత్తటి రబ్బరో అంటించి ఆ కాస్త ఎడం పూడ్చేస్తారు. పైసా ఖర్చు లేని వైద్యం! పలక అంచు మోకాలిని కోయకుండానూ ఉంటుంది.

మెత్తనైతే చాలా?

"లీవరు మెత్తగా కదిలేలా చేసెయ్యండి, సుఖంగా ఉంటుంది" అని కొందరు మెకానిక్కుని అడుగుతుంటారు. అక్కడే ఉంది కిటుకు.

గిటారు అడుగున ఇరుసు నుంచి కడ్డీని లాగే చిన్న చెయ్యి ఒకటుంటుంది. కడ్డీ అవతలి కొస తీగని పట్టుకున్న వేలు లాంటి ముక్కకి తగిలి ఉంటుంది. రెండు చోట్లా వరసగా కన్నాలో, గాళ్ళో ఉంటాయి. కడ్డీని ఏ కన్నంలో పెట్టామన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఇరుసుకి దగ్గరగా పెడితే లీవరు తేలిగ్గా కదులుతుంది, కానీ ఎక్కువ దూరం తొయ్యాలి. ఇరుసుకి దూరంగా పెడితే కాస్త తోస్తే చాలు, కానీ గట్టిగా తొయ్యాలి. సైకిలు గేర్ల దగ్గర ఉన్న న్యాయమే ఇది. బలం తగ్గించుకుంటే దూరం పెరుగుతుంది. దూరం తగ్గించుకుంటే బలం కావాలి. రెండూ తగ్గించే మంత్రం ఎవరి దగ్గరా లేదు.

మరి ఏది సుఖం? తుంటి నొప్పి ఉన్నవాడికి దూరం తగ్గాలి, గట్టిగా ఉన్నా పరవాలేదు. మోకాలి కీలు బలహీనంగా ఉన్నవాడికి మెత్తగా ఉండాలి, దూరమైనా పరవాలేదు. వేగంగా వాయించేవాడికి దగ్గరగా ఉండాలి. స్వరాన్ని మెల్లగా పిండి ఏడిపించేవాడికి కాస్త ప్రయాణం ఉండాలి, లేకపోతే జారడానికి చోటే ఉండదు. సుఖమంటే మెత్తదనం ఒక్కటే కాదని తేలింది కదా!

ఇంకో సంగతి. లీవరు ప్రయాణం మార్చగానే శ్రుతి పాడవుతుంది. గిటారు కుడి కొసన చిన్న నైలాన్ నట్లు వరసగా ఉంటాయి. వాటికి సరిపడే సాకెట్ రెంచితో తిప్పి ప్రతి మార్పునీ మళ్ళీ శ్రుతి చేసుకోవాలి. తొందరపడి బాగా బిగించేస్తే లీవరు వదిలాక కూడా తీగ అసలు శ్రుతికి తిరిగి రాదు. కొద్దిగా ఖాళీ ఉండాలి. ఒక్కోసారి ఒకే లీవరు తీగని రెండు అర మెట్లు దింపాలి. సగం దారిలో మోకాలికి చిన్న అడ్డు తగిలినట్టు తెలిసేలా అక్కడ ఒక స్ప్రింగు పెడతారు. ఆ అడ్డు మరీ గట్టిగా ఉంటే మోకాలు ఆగిపోతుంది. మరీ మెత్తగా ఉంటే దాటిపోతుంది. ఇదంతా ఒక్క సాయంత్రంలో అయ్యే పని కాదు. ఒకసారి ఒక్క మార్పే చెయ్యాలి. నాలుగు రోజులు వాయించాలి. అప్పుడు రెండోది.

రోజుకి నాలుగు పూటలు

"ఇంత గొడవెందుకండీ, కాస్త సర్దుకుంటే పోయె!" అనేవాళ్ళు నాష్‌విల్ కథ వినాలి. టెనసీ రాష్ట్రంలోని ఆ ఊరు కంట్రీ పాటలకి మద్రాసు కోడంబాకం లాంటిది. అక్కడ స్టూడియోల్లో రికార్డింగు పూట మూడు గంటలు. మంచి డిమాండున్న రోజుల్లో పొద్దున పదింటికి ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి, రాత్రి పదింటికి ఒకటి. ఒక్కో పూటలో మూడు నాలుగు పాటలు. అన్ని పూటలూ ఒప్పుకున్న వాద్యకారుడు పన్నెండు గంటలు ఆ పలకల మధ్యనే మోకాళ్ళు పెట్టుకుని కూర్చోవాలి. వందల సార్లు నొక్కాలి. ఒక్కోసారి అర అంగుళం ఎక్కువ తోసినా రాత్రికి ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

అలాంటి స్టూడియోల్లో ఎదిగినవాళ్ళే పీట్ డ్రేక్, లాయిడ్ గ్రీన్ వంటివాళ్ళు. 1969లో బాబ్ డిలాన్ "నాష్‌విల్ స్కైలైన్"లోనూ, 1970లో బీటిల్స్ జార్జ్ హారిసన్ "ఆల్ థింగ్స్ మస్ట్ పాస్"లోనూ వినిపించే స్టీల్ పీట్ డ్రేక్‌దే. లాయిడ్ గ్రీన్ సంగతి మన కథకి మరీ దగ్గర. రెండు మెడల గిటారే గొప్ప అనుకునే కాలంలో ఆయన తనకి అక్కర్లేని రెండో మెడ తీసేయించాడు. ఆయన పేరుతో షో-బడ్ వారు చేసిన మోడల్లో రెండో మెడ ఉండవలసిన చోట చెయ్యి ఆన్చుకోవడానికి మెత్త ఉంటుంది! గొప్ప కోసం కాక ఒంటి కోసం చేసిన మార్పు. ఆ ఒక్క మెడ మీదే ఆయన లెక్కలేనన్ని పాటలకి ప్రాణం పోశాడు.

సినిమా అభిమానులకి ఇంకో ముచ్చట. "స్నీకీ పీట్" అని పిలిపించుకున్న పీట్ క్లైనో పెడల్ స్టీల్ వాయించేవాడు, సినిమాలకి ట్రిక్ దృశ్యాలూ చేసేవాడు. "టెర్మినేటర్" సినిమాలకి ఆయన పనిచేశాడు. "ద విండ్స్ ఆఫ్ వార్" టీవీ సీరియల్‌కి ఎమ్మీ అవార్డు తీసుకున్నాడు. బొమ్మని ఒక్కో ఫ్రేముకి వెంట్రుకవాసి కదిపే చెయ్యే, స్వరాన్ని వెంట్రుకవాసి వంచింది. రెండూ ఓపిక పనులే మరి!

మీ వాద్యం సంగతేమిటి?

మనలో పెడల్ స్టీల్ ఉన్నవాళ్ళు ఎందరుంటారు? చాలా తక్కువ. కానీ గిటారు, కీబోర్డు, వీణ, తబలా, డ్రమ్స్ నేర్చుకునే కుర్రకారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఎత్తు సరిపోని స్టూలు మీద కీబోర్డు వాయించేవాళ్ళూ, పట్టీ పొడుగు చేసుకుని గిటారుని మోకాళ్ళ దాకా వేలాడదీసుకునేవాళ్ళూ, అన్న కోసం అమర్చిన డ్రమ్స్ ముందు కూర్చుని పాదం అందక తంటాలు పడేవాళ్ళూ మనకి కొత్తేం కాదు. "ఫలానా ఆయన ఫోటోలో ఇలాగే పట్టుకున్నాడండీ" అంటారు. ఆ ఫోటోలో ఆయన ఎత్తెంతో, ఆయన చెయ్యి పొడుగెంతో ఎవరూ అడగరు.

సాధనలో అలసట వేరు, నొప్పి వేరు. అలసట రాత్రి పడుకుంటే పోతుంది. అలసట లేనిదే విద్య రాదు, అది భరించాలి. నొప్పి మాత్రం పొద్దున లేచాక కూడా అక్కడే కూర్చుని ఉంటుంది. అది చెప్పేదొకటే: "నన్ను కాదు, స్క్రూ తిప్పు!" ఆ మాట వినిపించుకున్న వాద్యకారులే ముసలితనంలోనూ కుర్చీలో కూర్చుని వాయించగలుగుతున్నారు. వినిపించుకోనివాళ్ళు విద్య ఉండీ గిటారుని పెట్టెలో పెట్టేస్తున్నారు.

కంట్రీ సంగీతం కథగా 1980లో వచ్చిన "కోల్ మైనర్స్ డాటర్" లాంటి సినిమా ఏదైనా ఈసారి చూసేటప్పుడు హీరోయిన్ పాడుతుంటే ఆమె ముఖమే చూడకండి. చెవులు రిక్కించండి. ఆమె గొంతు ఆగిన చోట ఇంకో గొంతు మూలుగుతుంది. ఆ మూలుగు వెనక ఎక్కడో ఒక మోకాలు మెల్లగా పక్కకి జరుగుతోంది. పలక దగ్గరలోనే ఉంది, మెత్తగానే తగిలింది, ఆగవలసిన చోటే ఆగింది. కన్నీళ్ళు పెట్టించడం పాట పని. వాద్యకారుడు మాత్రం హాయిగా కూర్చుని వాయించాలి!